ఇంటిపేరు ఒక్కటే, గుణాలే వేరు: పాలీప్రొపిలిన్ మిశ్రమాల లోపలి లెక్క

క్లుప్తంగా: పాలీప్రొపిలిన్ పేరుతో అమ్ముడయ్యేది ఒక్క ప్లాస్టిక్ కాదు, ఒక కుటుంబం. అందులో ఇథిలిన్ వంటి రెండో పదార్థం ఎంత ఉంది, పొడవాటి గొలుసులాంటి ప్లాస్టిక్ అణువులో ఎక్కడెక్కడ ఉంది అన్నదాన్ని బట్టి లోపలి నిర్మాణం మారుతుంది. రెండు ప్లాస్టిక్‌లు పూర్తిగా కలిసిపోవడం వేరు, కలవకుండానే పొసగడం వేరు. దెబ్బకు తట్టుకునే సరుకు ఎక్కువగా రెండో దారిలోనే తయారవుతోంది. వాడేసిన ప్లాస్టిక్‌ను కొత్తదాంట్లో కలపాలన్న నిబంధనలు వచ్చాక ఈ తేడా ఫ్యాక్టరీలకు రోజువారీ లెక్క అయింది.

ఇంటికి రంగులు వేయించాక ఖాళీ అయిన పెయింట్ బకెట్‌ను పారేసేవాళ్లు తక్కువ. ఇరవై లీటర్ల ఆ బకెట్ ఏళ్ల తరబడి నీళ్లు మోస్తుంది, సిమెంటు కలుపుకోవడానికి పనికొస్తుంది, చివరికి మేడ మీద కరివేపాకు మొక్కకు కుండీ అవుతుంది. అదే ఇంట్లో చవగ్గా కొన్న పల్చటి డబ్బా ఒక్కసారి చేయి జారితే చాలు, అంచు నుంచి అడుగు దాకా పగులుతుంది. రెండింటినీ తిరగేసి చూస్తే కనిపించే గుర్తు మాత్రం ఒకటే: ముక్కోణంలో 5 అంకె, దాని కింద పీపీ.

ఆ గుర్తు అబద్ధం చెప్పడం లేదు. రెండూ పాలీప్రొపిలినే. కాకపోతే అది చెప్పేది ఇంటిపేరు మాత్రమే. ప్లాస్టిక్ దానా (కరిగించి పోతపోసే గింజలు) అమ్మే చోటికి వెళితే ఆ ఇంటిపేరుతో ముగ్గురు కనిపిస్తారు. ప్లాస్టిక్ అంటే చిన్న చిన్న కణికలు వేల సంఖ్యలో వరసగా కట్టుకున్న గొలుసులు, అలాంటి గొలుసునే పాలిమర్ అంటారు. ‘హోమో’ అంటే ఆ గొలుసులో ప్రొపిలిన్ కణికలు తప్ప ఇంకేమీ లేనిది. సిమెంటు, బియ్యం బస్తాలు నేసేది దీనితోనే. ‘రాండమ్’లో కొద్దిగా ఇథిలిన్ చెదురుమదురుగా ఉంటుంది. వేడినీళ్ల పీపీఆర్ పైపులు, అవతలి వైపు కనిపించే డబ్బాలు ఈ రకం. మూడోది ‘పీపీసీపీ’, అంటే పాలీప్రొపిలిన్ కోపాలిమర్. పెయింట్ బకెట్లు, బ్యాటరీ డబ్బాలు దీనివి. పేరులో కోపాలిమర్ (రెండు రకాల కణికలున్న గొలుసు) అని ఉన్నా, లోపల చూస్తే ఇది ఒక మిశ్రమం. రియాక్టర్‌లోనే తయారైన మిశ్రమం కాబట్టి బయటివాళ్లకు ఆ సంగతి తెలియదు.

ముందుగా రెండు మాటలను విడదీసుకోవాలి. ‘కలిసిపోవడం’ అంటే చక్కెర నీళ్లలో కరిగినట్టు, ఏది ఎక్కడుందో చెప్పలేనంతగా అణువుల స్థాయిలో ఒక్కటైపోవడం. ‘పొసగడం’ అంటే రెండూ విడివిడిగానే ఉన్నా హద్దు దగ్గర ఒకదాన్నొకటి గట్టిగా పట్టుకుని, పడ్డ బరువును కలిసి మోయడం. వేరు కుంపట్లు పెట్టుకున్నా పొసగి ఉండే అన్నదమ్ముల్లాంటి వ్యవహారం అది. పాలీప్రొపిలిన్ మిశ్రమాల మీద వచ్చే గందరగోళంలో సగం ఈ రెండింటినీ ఒకటే అనుకోవడం వల్ల వచ్చేదే.

దండ కట్టిన తీరు

ఇటలీలోని మిలాన్‌లో జూలియో నట్టా బృందం 1954లో స్ఫటికంగా మారే పాలీప్రొపిలిన్‌ను తయారు చేసింది. అందుకు వాడిన ఉత్ప్రేరకాలకు మూలం జర్మనీకి చెందిన కార్ల్ జీగ్లర్ పని. 1963లో రసాయన శాస్త్ర నోబెల్ ఇద్దరికీ కలిపి ఇచ్చారు. నట్టా సాధించిన దాంట్లో అసలు కిటుకు వరసలో ఉంది. పాలీప్రొపిలిన్ గొలుసులో ఒకటి విడిచి ఒక కార్బన్‌కు మిథైల్ గుంపు అనే చిన్న కొమ్మ వేలాడుతుంది. ఆ కొమ్మలు ఇష్టం వచ్చినట్టు అటూ ఇటూ తిరిగి ఉంటే వచ్చేది జిగురులాంటి మెత్తటి పదార్థం. అన్నీ ఒకే వైపుకు ఉంటే గొలుసు మూడు కణికలకు ఒక చుట్టు చొప్పున మెలితిరుగుతుంది. ఆ మెలికలు పక్కపక్కన సర్దుకుని స్ఫటికాలవుతాయి. 160 నుంచి 165 డిగ్రీల దాకా కరగకుండా నిలబడే శక్తి అక్కడి నుంచే వచ్చింది.

అయితే గొలుసులన్నీ స్ఫటికంలోకి చేరవు. సుమారు సగం మాత్రమే పలకలుగా పేరుకుంటుంది, మిగతాది ఆ పలకల మధ్య చిక్కుపడిన దారంలా ఉండిపోతుంది. ఇక ముందు చెప్పబోయే కథంతా ఈ చిక్కుదారం భాగంలోనే నడుస్తుంది. ఎందుకంటే పరాయి గొలుసులకు స్ఫటికం లోపల చోటు దాదాపు ఉండదు. వాటికి జాగా దొరికితే పలకల మధ్యే దొరకాలి.

ఇప్పుడు ఇథిలిన్ సంగతి. ఇథిలిన్ కణికకు మిథైల్ కొమ్మ లేదు. ప్రొపిలిన్ వరసలో అది వచ్చి కూర్చుంటే, మల్లెదండ మధ్యలో అక్కడక్కడా ఒక ఆకు గుచ్చినట్టు వరసకు చిన్న అంతరాయం. అంతరాయం వచ్చిన చోట స్ఫటికం పలచబడుతుంది. 1 నుంచి 7 శాతం దాకా ఇథిలిన్‌ను ఇలా చెదురుమదురుగా కలిపితే కరిగే ఉష్ణోగ్రత 150, 140, ఒక్కోసారి 130 డిగ్రీల దగ్గరికి దిగుతుంది. గట్టిదనం తగ్గుతుంది, వెలుతురు బాగా దూరుతుంది. ఇదంతా ఒకే గొలుసు లోపల జరిగిన మార్పు. రెండు పదార్థాలు ఇంకా లేవు కాబట్టి కలవడం, కలవకపోవడం అన్న ప్రశ్నే రాదు.

అదే ఇథిలిన్‌ను ఇంకోలా కూడా గుచ్చవచ్చు. రెండు పూలూ కలగలిపి కడితే కదంబం. ఒక మూర మల్లె, ఆ తర్వాత ఒక మూర కనకాంబరం కడితే అది వేరే రకం దండ. బుట్టలో పూల లెక్క రెండింటికీ ఒకటే కావచ్చు, దండ గుణం మాత్రం మారిపోతుంది. పాలిమర్ల భాషలో మొదటిది రాండమ్ కోపాలిమర్, రెండోది బ్లాక్ కోపాలిమర్. ‘ఇందులో ఇథిలిన్ ఎంత శాతం’ అన్న ప్రశ్నకు వచ్చే జవాబు ఎప్పుడూ సగం జవాబే కావడానికి కారణం ఇదే.

కలవడానికి అడ్డేమిటి

విడి మల్లెపూలు, విడి కనకాంబరాలు ఒక బుట్టలో పోసి రెండుసార్లు ఎగరేస్తే కలిసిపోతాయి. మూరల కొద్దీ కట్టేసిన దండలను అదే బుట్టలో వేసి ఎంత ఎగరేసినా కలవవు, చిక్కులు పడతాయంతే. చిన్న అణువులు కలిసిపోవడానికి ప్రధానంగా సాయపడేది ఈ కలగాపులగం అయ్యే స్వేచ్ఛే. వేల కణికలు ఒకే గొలుసులో కట్టుబడి ఉన్నప్పుడు ఆ స్వేచ్ఛ దాదాపు హరించుకుపోతుంది.

పాల్ ఫ్లోరీ, మారిస్ హగ్గిన్స్ 1940ల మొదట్లో వేర్వేరుగా ఈ సంగతిని ఒక లెక్కలోకి తెచ్చారు. రెండు రకాల కణికల మధ్య పడకపోవడాన్ని ‘కై’ అనే ఒక అంకెతో కొలుస్తారు. విడి అణువులైతే కై విలువ 2 దాటేదాకా కలిసే ఉంటాయి. రెండు వైపులా వెయ్యి కణికల గొలుసులుంటే ఆ హద్దు 0.002కు పడిపోతుంది. అంటే విడిగా ఉన్నప్పుడు పట్టించుకోనవసరం లేని చిన్న తేడా కూడా గొలుసుగా కట్టాక వెయ్యి రెట్లు పెరిగి అడ్డుగోడ అవుతుంది.

అన్నీ ఇథిలిన్ కణికలే ఉన్న పాలీఇథిలిన్, పాలీప్రొపిలిన్ జంట దీనికి చక్కటి ఉదాహరణ. రెండింటిలోనూ ఉండేవి కార్బన్, హైడ్రోజన్ మాత్రమే. వాటి నిష్పత్తి కూడా ఒకటే, ఒక కార్బన్‌కు రెండు హైడ్రోజన్లు. తేడా అంతా ఆ చిన్న మిథైల్ కొమ్మ దగ్గరే. చూడటానికి దగ్గరి చుట్టాలే అయినా మామూలు ఫ్యాక్టరీ గొలుసుల పొడవుకు వచ్చేసరికి కరిగించి కలిపినా విడిపోతాయి.

మరి గొలుసులో రెండు కణికలూ ఉంటే? ఇక్కడ ఒక సులువైన సూత్రం పనికొస్తుంది. రెండు కోపాలిమర్ల మధ్య విముఖత, వాటి ఇథిలిన్ శాతాల తేడాకు వర్గంగా మారుతుంది. శుద్ధ పాలీప్రొపిలిన్‌కూ శుద్ధ పాలీఇథిలిన్‌కూ మధ్య ఉన్న విముఖతను ఒక రూపాయి అనుకుంటే, 50 శాతం ఇథిలిన్, మిగతా ప్రొపిలిన్ ఉన్న రబ్బరులాంటి కోపాలిమర్‌తో పాలీప్రొపిలిన్‌కు ఉండే విముఖత పావలా. 30 శాతమైతే 9 పైసలు. 10 శాతమైతే ఒక్క పైసా. ఇథిలిన్ పాలు సుమారు 10 శాతం లోపు ఉన్న కోపాలిమర్ పాలీప్రొపిలిన్‌లో కలిసిపోతుందని, అది దాటుతున్న కొద్దీ విడిపోతుందని ప్రయోగాల్లో కనిపించేది ఈ లెక్కకు దగ్గరగానే ఉంటుంది. గొలుసులు పొట్టివైతే హద్దు కొంచెం పైకి, పొడుగైతే కిందికి జరుగుతుంది.

పూర్తిగా కలిసిపోతే ఏమవుతుంది

కలిసిపోవడానికి దారి ఇథిలిన్ తగ్గించడం ఒక్కటే కాదు. జపాన్‌లో 1990ల మధ్యలో జరిగిన ప్రయోగాల్లో ప్రొపిలిన్ అనేదే లేని గొలుసులను తీసుకున్నారు. అవి ఇథిలిన్‌కు 1-హెక్సీన్ జోడించిన రబ్బర్లు. హెక్సీన్ కణికకు నాలుగు కార్బన్ల కొమ్మ ఉంటుంది. హెక్సీన్ పాలు తక్కువగా ఉన్నప్పుడు ఆ రబ్బరు పాలీప్రొపిలిన్‌లో చుక్కలుగా విడిపోయింది. కణికల లెక్కన 50 శాతం దాటాక మాత్రం చుక్కలు మాయమయ్యాయి. ప్రొపిలిన్ ఒక్క కణిక కూడా లేని రబ్బరు పాలీప్రొపిలిన్‌లో ఒదిగిపోయింది. చుట్టరికం పేరును బట్టి కాకుండా, కొమ్మల సాంద్రత, గొలుసు ఒదుగు, పక్క గొలుసును లాగే బలం వంటి వాటి పోలికను బట్టి తేలుతుందని ఈ ప్రయోగం చూపించింది.

ఇలా కలిసిపోయిన రబ్బరు ఎక్కడికి చేరిందన్నది ముఖ్యం. కరిగి ఉన్నప్పుడు అంతటా పరుచుకుని ఉంటుంది. చల్లారేటప్పుడు పాలీప్రొపిలిన్ స్ఫటికాలు తమ గొలుసులను మాత్రమే ఏరుకుని రబ్బరును బయటికి నెడతాయి. అది పోయి పలకల మధ్య ఉన్న చిక్కుదారంలో కూర్చుంటుంది. పలకల మధ్య దూరం పెరుగుతుంది, స్ఫటికం మాత్రం చెక్కుచెదరదు. అందుకే కరిగే ఉష్ణోగ్రత పెద్దగా మారకుండానే వస్తువు మెత్తబడుతుంది, సాగుతుంది.

వినడానికి బాగానే ఉంది కానీ ఇందులో ఒక చిక్కుంది. ప్రతి పాలిమర్‌కూ ఒక ‘గాజు ఉష్ణోగ్రత’ ఉంటుంది. దానికి దిగువన గొలుసులు కదల్లేక పదార్థం గాజులా పెళుసెక్కుతుంది. పాలీప్రొపిలిన్‌కు అది సుమారు సున్నా డిగ్రీలు, ఇథిలిన్-ప్రొపిలిన్ రబ్బరుకు మైనస్ 50 డిగ్రీలు, అంతకన్నా కింద. రెండూ కలిసిపోతే రెంటికీ మధ్యలో ఒకే గాజు ఉష్ణోగ్రత వస్తుంది. అంటే రబ్బరు తన చలి తట్టుకునే గుణాన్ని కొంత పోగొట్టుకుంది, పాలీప్రొపిలిన్ తన గట్టిదనాన్ని కొంత పోగొట్టుకుంది. విడిగా ఉన్న రబ్బరు చుక్కకు మాత్రం మైనస్ 50 మైనస్ 50గానే మిగులుతుంది.

లంబసింగిలో తప్ప సున్నా డిగ్రీల ముచ్చటే లేని తెలుగు నేల మీద ఈ గొడవ ఎందుకనిపించవచ్చు. గాజు ఉష్ణోగ్రత నిదానంగా కొలిచినప్పటి సంగతి. దెబ్బ క్షణంలో వెయ్యో వంతులో పడిపోతుంది. గొలుసులకు కదిలే వ్యవధి లేనప్పుడు పదార్థం అసలున్న దానికన్నా చల్లగా ఉన్నట్టే ప్రవర్తిస్తుంది. మే నెల ఎండలో కూడా హోమో డబ్బా పగలడానికి ఇదొక కారణం.

పీపీసీపీ లోపల

పీపీసీపీని వరసగా పెట్టిన రియాక్టర్లలో చేస్తారు. మొదటిదాంట్లో ప్రొపిలిన్ ఒక్కటే పంపితే ఉత్ప్రేరకం రేణువు చుట్టూ సూది బెజ్జాలతో నిండిన పాలీప్రొపిలిన్ పూస పెరుగుతుంది. ఆ పూసను బతికున్న ఉత్ప్రేరకంతో సహా తర్వాతి రియాక్టర్‌కు తోసి, అక్కడ ఇథిలిన్, ప్రొపిలిన్ రెండూ పంపుతారు. పూస బెజ్జాల్లోనే రబ్బరు పుడుతుంది. బయటికి వచ్చే దానా పొడిగా, అంటుకోకుండా ఉండటానికి కారణం రబ్బరు లోపల దాగి ఉండటమే.

ఈ పద్ధతిలో మూడు మీటలు ఇంజినీరు చేతిలో ఉంటాయి: రబ్బరు మొత్తం ఎంత, ఆ రబ్బరులో ఇథిలిన్ ఎంత, రబ్బరు చిక్కదనం ఎంత. మూడూ ఒకదానికొకటి ముడిపడి ఉండటం వల్లే గ్రేడ్ తయారు చేయడం కష్టం.

రబ్బరు మొత్తం సంగతి తేలిక. మామూలు బకెట్ గ్రేడ్‌లో అది పది, ఇరవై శాతం చుట్టూ ఉంటుంది. పెంచితే దెబ్బ తట్టుకుంటుంది, గట్టిదనం తగ్గుతుంది. ఇంకా పెంచుకుంటూ పోతే ఒక దశలో చుక్కలు ఒకదాన్నొకటి తాకి, రెండు పదార్థాలూ స్పంజిలో ఒకదానిలో ఒకటి అల్లుకున్నట్టు అవుతాయి. అది కూడా దాటితే పాత్రలు తారుమారై రబ్బరులో పాలీప్రొపిలిన్ చుక్కలు మిగులుతాయి. అప్పుడది బకెట్ సరుకు కాదు, మెత్తటి బీడింగుల సరుకు.

రబ్బరులో ఇథిలిన్ ఎంతన్నది అసలైన పేచీ. సగం సగం దగ్గర ఉంటే రబ్బరు స్ఫటికం కాకుండా మెత్తగా ఉంటుంది, గాజు ఉష్ణోగ్రత బాగా కిందికి దిగుతుంది. ఇథిలిన్ తగ్గిస్తే పాలీప్రొపిలిన్‌తో పొసగడం పెరిగి చుక్కలు చిన్నవవుతాయి కానీ చలిలో గట్టిపడతాయి. పెంచితే పొడవైన ఇథిలిన్ వరసలు వచ్చి రబ్బరులోపల పాలీఇథిలిన్ స్ఫటికాలు మొలుస్తాయి, పాలీప్రొపిలిన్‌తో దూరం పెరుగుతుంది, చుక్కలు పెద్దవై హద్దు బలహీనపడుతుంది. మేలైన శాతం ఒక్కటంటూ లేదు. ఫ్రీజర్‌లో పెట్టే డబ్బాకు ఒకటి, ఎండలో పేర్చే క్రేటుకు ఇంకొకటి.

ఇక్కడ జీగ్లర్-నట్టా ఉత్ప్రేరకాల లోపం ఒకటి వరంగా మారింది. వాటి మీద చురుకైన స్థానాలు అన్నీ ఒకేలా ఉండవు. ఒక్కో స్థానం ఒక్కో పాళ్లలో ఇథిలిన్‌ను తీసుకుంటుంది. దాంతో ‘సగటున 50 శాతం’ అని చెప్పే రబ్బరులో నిజానికి ఇథిలిన్ చాలా ఉన్న గొలుసులు, చాలా తక్కువ ఉన్న గొలుసులు, రెండు రకాల వరసలూ ఉన్న మధ్యరకం గొలుసులు అన్నీ ఉంటాయి. కరిగాక ఇవి వాటంతటవే సర్దుకుంటాయి. ఇథిలిన్ ఎక్కువ ఉన్నవి చుక్క నడిబొడ్డున చేరి అక్కడ స్ఫటికమవుతాయి. వాటి చుట్టూ మెత్తటి రబ్బరు పొర. మధ్యరకం గొలుసులు హద్దు దగ్గర నిలబడి అటొక చేయి ఇటొక చేయి వేస్తాయి. పూర్ణం బూరెలాంటి ఈ అమరిక ఎవరూ విడిగా చేయనక్కర్లేకుండా రియాక్టర్ నుంచే వస్తుంది.

బకెట్ కింద పడ్డప్పుడు ఈ చుక్కలు చేసే పని ఆసక్తికరం. ఒక్కోటి అర మైక్రాన్ నుంచి రెండు మైక్రాన్ల దాకా ఉంటుంది (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు). దెబ్బ తగలగానే వాటి లోపలా, అంచుల్లోనూ సూక్ష్మమైన ఖాళీలు తెరుచుకుంటాయి. చుట్టూ ఉన్న పాలీప్రొపిలిన్‌పై ఒత్తిడి సడలి, అది పగలకుండా సాగుతుంది. పగుళ్లలోకి పోవాల్సిన శక్తి సాగడంలో ఖర్చయిపోతుంది. ప్లాస్టిక్‌ను మడిచిన చోట తెల్లటి గీత పడటం అందరూ చూసిందే. ఇలాంటి సరుకులో అది ఈ ఖాళీల మీద వెలుతురు చెదరడం వల్ల వస్తుంది. అందం ముఖ్యమైన వస్తువులకు ఈ తెల్లగీత కంపెనీలకు టెన్షన్. రబ్బరులో ఇథిలిన్ పాలు పెంచి, చుక్క నడిబొడ్డును గట్టి చేసి దాన్ని తగ్గించిన గ్రేడ్లు ఉన్నాయి.

చుక్క ఎంత పెద్దది అన్నదానికన్నా రెండు చుక్కల మధ్య ఎంత దూరం అన్నదే కీలకమని నైలాన్-రబ్బరు మిశ్రమాల మీద పనిచేసిన సౌహెంగ్ వు 1985లో వాదించారు. ఆ నైలాన్‌లో హద్దు సుమారు 0.3 మైక్రాన్. దానికన్నా చుక్కలు దగ్గరగా ఉంటే మధ్యనున్న పల్చటి గోడలు సాగుతాయి, దూరంగా ఉంటే పగులుతాయి. పాలీప్రొపిలిన్‌కు అంకె వేరైనా తర్కం ఇదే. అంతే రబ్బరును చిన్న చుక్కలుగా చేయగలిగితే మధ్య దూరం దానంతటదే తగ్గుతుంది, తక్కువ రబ్బరుతోనే పని జరుగుతుంది.

చుక్కలను చిన్నవి చేసేది మూడో మీట, చిక్కదనం. చుట్టూ ఉన్న పాలీప్రొపిలిన్‌కన్నా రబ్బరు సుమారు నాలుగు రెట్లు మించి చిక్కగా ఉంటే మామూలు ఒరపిడి దాన్ని చీల్చలేదు. మజ్జిగలో వేసిన మీగడ ముద్ద కవ్వం నుంచి తప్పించుకుని గుండ్రంగా తిరుగుతున్నట్టు అది కూడా దొర్లుతూ ఉండిపోతుంది. పల్చటి గోడల వస్తువులు త్వరగా పోతపోయాలని పాలీప్రొపిలిన్‌ను పలచన చేసినప్పుడు రబ్బరును కూడా తగినట్టు పలచన చేయకపోతే, శాతాలన్నీ సరిగ్గానే ఉండి కూడా డబ్బా పగులుతుంది.

కార్ల బంపర్ల సంగతి కూడా మూలంలో ఇదే. ఎక్కువ బంపర్లు పాలీప్రొపిలిన్, రబ్బరు, కొంత టాల్కం పొడి కలిసిన మిశ్రమం. రబ్బరు వల్ల పోయిన గట్టిదనాన్ని టాల్కం పలకలు తిరిగి ఇస్తాయి.

కంటికి కనపడని తేడాను పట్టుకోవడం

ఒక ముక్క చేతికిచ్చి ఇది కలిసిపోయిందా విడిపోయిందా అంటే చెప్పడానికి దారులు కొన్నే. అతి తేలికైనది ముక్కను చల్లబరుస్తూ సన్నగా ఊపి, ఎక్కడెక్కడ గట్టిపడుతుందో చూడటం. గాజు ఉష్ణోగ్రత గుర్తులు రెండు వస్తే విడిపోయినట్టు, మధ్యలో ఒకటే వస్తే కలిసినట్టు. మైనస్ డిగ్రీల్లో గడ్డకట్టించి విరిచి, రబ్బరును ద్రావకంతో కడిగేసి, మిగిలిన గుంటలను ఎలక్ట్రాన్ మైక్రోస్కోప్‌లో చూడటం ఇంకో దారి. ఫ్యాక్టరీల్లో రోజూ చేసేది మాత్రం జైలీన్ పరీక్ష. జైలీన్ అనే ద్రావకాన్ని వేడిచేసి, అందులో అంతా కరిగించి చల్లారిస్తే పాలీప్రొపిలిన్ పేరుకుని అడుగున చేరుతుంది, రబ్బరు ద్రావకంలోనే మిగులుతుంది. దాన్ని తూచితే రబ్బరు లెక్క దాదాపుగా తేలుతుంది. ప్లాస్టిక్ పరీక్షలకు సిపెట్ సంస్థ హైదరాబాద్ చర్లపల్లిలోనూ, విజయవాడ దగ్గర సూరంపల్లిలోనూ ఉంది.

పరిశోధనశాలల్లో ఇంకో తిప్పలుంది. రెండింటిలోనూ ఉన్నవి అవే పరమాణువులు కావడంతో ఎక్స్ కిరణాలకైనా ఎలక్ట్రాన్లకైనా కరిగి ఉన్న స్థితిలో తేడా సరిగా తెలియదు. అందుకని ఒక రకం గొలుసులో హైడ్రోజన్ బదులు దాని బరువైన రూపం డ్యుటీరియం పెట్టి న్యూట్రాన్లతో చూస్తారు. పాలీఓలిఫిన్ల (పాలీఇథిలిన్, పాలీప్రొపిలిన్ వంటివాటి) కై విలువల్లో నమ్మదగ్గవి చాలావరకు 1990లలో ఇలా కొలిచినవే.

పాత సరుకు కరిగిస్తే

2022 ఫిబ్రవరిలో కేంద్రం ప్లాస్టిక్ ప్యాకేజింగ్‌కు మార్గదర్శకాలు ఇచ్చింది. గట్టి ప్యాకేజింగ్‌లో 2025-26లో 30 శాతం, 2028-29 నాటికి 60 శాతం రీసైకిల్ చేసిన ప్లాస్టిక్ ఉండాలన్నది అందులో ఒకటి. ఉత్పత్తిదారుల మీద పెట్టిన ఈ బాధ్యతను పొట్టిగా ఈపీఆర్ అంటారు. మిషన్ దగ్గరి ఇంజినీరుకు ఈపీఆర్ అంటే ఇథిలిన్-ప్రొపిలిన్ రబ్బరు. ఒకే ఫ్యాక్టరీలో ఆఫీసు గదిలో ఒక ఈపీఆర్, షెడ్డులో ఇంకో ఈపీఆర్. మొదటిదాన్ని నెరవేర్చాలంటే రెండోది అర్థం కావాలన్నది యాదృచ్ఛికమే అయినా నిజం.

వాడేసిన ప్లాస్టిక్‌ను శుభ్రం చేసేటప్పుడు నీళ్లలో వేసి తేలేవి, మునిగేవి వేరు చేస్తారు. పెట్ సీసాల ముక్కలు మునుగుతాయి. పాలీప్రొపిలిన్ సాంద్రత సుమారు 0.90, పాలీఇథిలిన్‌ది 0.92 నుంచి 0.96. రెండూ తేలతాయి. చాలా షాంపూ సీసాలు పాలీఇథిలిన్‌వి, మూతలు పాలీప్రొపిలిన్‌వి. పరారుణ కాంతితో వేరు చేసే యంత్రాలున్నా నల్ల ప్లాస్టిక్ వాటికి అందదు. అందువల్ల మార్కెట్‌లో దొరికే రీసైకిల్ పీపీలో కొంత పాలీఇథిలిన్ ఉండటం మామూలు సంగతి.

ఆ కొంత ఏం చేస్తుందన్నది ఏ పీపీలో పడిందన్నదాన్ని బట్టి ఉంటుంది. హోమోలో పడితే విడి చుక్కలవుతుంది, హద్దు పలచన, లాగితే అక్కడే ఊడుతుంది. పోత అచ్చులో రెండు ప్రవాహాలు ఎదురెదురుగా వచ్చి కలిసే గీత మీద ఈ బలహీనత ముందు బయటపడుతుంది. పీపీసీపీలో పడితే కథ కొంత మెరుగు. అందులో ముందే ఉన్న రబ్బరు పాలీఇథిలిన్‌ను తనలోకి తీసుకుని చుట్టూ పొరలా నిలబడుతుంది. బూరెలో పూర్ణం కొంచెం పెరిగినట్టు లెక్క. రీసైక్లింగ్ వాళ్లు హోమో, పీపీసీపీ స్క్రాప్‌లను ఒకే ధరకు ఒకే కుప్పలో పోయడం ఈ కారణంగా నష్టపు బేరమే.

శాతాలు మారకపోయినా నిర్మాణం పాడయ్యే దారి ఇంకొకటుంది. కరిగించిన ప్రతిసారీ పాలీప్రొపిలిన్ గొలుసులు తెగి పలచబడతాయి. పాలీఇథిలిన్ గొలుసులు అందుకు విరుద్ధంగా ఒకదానికొకటి అతుక్కుని చిక్కబడే వైపు మొగ్గుతాయి. పైన చెప్పిన నాలుగు రెట్ల హద్దు ఇక్కడ అడ్డం తిరుగుతుంది. మూడోసారి కరిగించిన సరుకులో చుక్కలు పెద్దవి కావడానికి కొత్తగా ఏదీ కలవనక్కర్లేదు.

హద్దును ఎలా గట్టి చేయాలన్నదాని మీద గత పాతికేళ్లలో రెండు ఫలితాలు చెప్పుకోదగ్గవి. మిన్నెసోటా విశ్వవిద్యాలయానికి చెందిన ఫ్రాంక్ బేట్స్ బృందం 2000లో పాలీఇథిలిన్, పాలీప్రొపిలిన్ రేకులను కరిగించి అతికించి, ఊడదీసి చూసింది. జీగ్లర్-నట్టా రకాలు తేలిగ్గా ఊడాయి. మెటలోసీన్ అనే ఏకరూప ఉత్ప్రేరకాలతో చేసినవి గట్టిగా పట్టుకున్నాయి. జీగ్లర్-నట్టా సరుకులో ఉండే స్ఫటికం కాని పొట్టి గొలుసులు హద్దు దగ్గరికి చేరి, అసలు గొలుసులు ఒకదానిలోకి ఒకటి చొచ్చుకుపోకుండా అడ్డుపడటం కారణమని వాళ్లు తేల్చారు. రియాక్టర్‌లో వరమైన అసమానతే ఇక్కడ శాపమైంది.

రెండోది 2017 నాటిది. అమెరికాలోని కార్నెల్ విశ్వవిద్యాలయానికి చెందిన జెఫ్రీ కోట్స్ బృందం, బేట్స్ బృందంతో కలిసి, ఒక మూర పాలీఇథిలిన్, ఒక మూర పాలీప్రొపిలిన్, మళ్లీ అది, మళ్లీ ఇది అన్నట్టు నాలుగు భాగాల గొలుసును కట్టింది. 70:30 పాలీఇథిలిన్-పాలీప్రొపిలిన్ మిశ్రమం మామూలుగా కొద్దిగా లాగితే తెగిపోతుంది. ఈ గొలుసు 1 శాతం కలిపితే అదే మిశ్రమం అసలు పొడవుకు ఎన్నో రెట్లు సాగింది. గొలుసులో ఒక్కో భాగం తన జాతి స్ఫటికంలో పాతుకుపోయి, మధ్యభాగాలు హద్దుకు అటూ ఇటూ ఉచ్చుల్లా మెలిపడి, రెండు వైపులనూ కుట్టేస్తాయి. అదే పాళ్లలో ఇథిలిన్ ఉన్నా కదంబంలా గుచ్చిన రాండమ్ రబ్బరు ఇంత పని చేయలేదు. అది హద్దును మెత్తగా చేస్తుంది కానీ ఏ వైపు స్ఫటికంలోనూ వేళ్లు దించలేదు.

బ్లాక్ కోపాలిమర్లు ఇప్పటికే అమ్మకంలో ఉన్నాయి. డౌ కంపెనీ 2006లో ఓలిఫిన్ బ్లాక్ కోపాలిమర్లను తయారు చేసే పద్ధతిని ప్రకటించింది. పాలీప్రొపిలిన్ భాగాలున్న రకాలు ఆ తర్వాత వచ్చాయి. వాటి ధర మామూలు దానా ధరకన్నా బాగా ఎక్కువ కాబట్టి, బకెట్ చేసేవాళ్లకు ఎన్ని గ్రాములతో పని జరుగుతుందన్నదే ప్రశ్న. దానికి జవాబు చెప్పాలంటే కొన్న స్క్రాప్‌లో పాలీఇథిలిన్ ఎంత, రబ్బరు ఎంత అన్నది ముందు తెలియాలి. ప్రస్తుతం దానా బేరంలో అడిగేది రంగు, ఎంఎఫ్‌ఐ, ధర. ఎంఎఫ్‌ఐ కరిగిన సరుకు ఎంత జోరుగా పారుతుందో చెబుతుంది. ఒకే ఎంఎఫ్‌ఐ ఉన్న రెండు బస్తాల్లో ఒకటి హోమో, ఇంకొకటి పది శాతం పాలీఇథిలిన్ కలిసిన పీపీసీపీ కావడానికి అడ్డేమీ లేదు.